రాగాలు తీస్తే నేరమా?

"రాగాలు తీయకు" అన్నది మన భాషలో ఒక తిట్టు. చావింట్లో ఏడ్చే ఆడవాళ్ళ నోరు మూయించడానికి వాడతారు. మా అమ్మమ్మ మీద ఆ మాట పడడం నేను చిన్నప్పుడు చూశాను. పెద్ద కూతురి శవం పక్కన కూచుని ఆవిడ వరస కట్టి ఏడుస్తుంటే అత్తింట్లో ఆ పిల్ల పడ్డవన్నీ ఒక్కొక్కటే బైటికొస్తున్నాయి. "చాల్లే, ఆపు శోకాలు" అన్నారు మగవాళ్ళు. ఆవిడ ఏడుపు వాళ్ళకి అడ్డం కాదు. అందులోని సాక్ష్యమే వాళ్ళ కంగారు.

దియమాండా గలాస్ పాటని "కేకలు" అనీ, ఆమెని "మంత్రగత్తె" అనీ రాసే విమర్శ చదివినప్పుడల్లా నాకు ఆ మగవాళ్ళే గుర్తొస్తారు. 1955లో అమెరికాలోని శాన్‌డియేగోలో గ్రీకు కుటుంబంలో పుట్టిన స్వరకర్త, గాయని, పియానిస్టు ఆమె. ఒపేరా, బ్లూస్, జాజ్, గాస్పెల్, రెబెటికా అన్నీ ఆ గొంతులో కలుస్తాయి. ఏళ్ళ తరబడి సాధన చేసిన గొంతు అది. మగవాడు ఇలా హద్దులు దాటితే ప్రయోగం అంటారు. ఆడది దాటితే పూనకమా?

గ్రీసులో ఈ నోరుమూయింపుకి చట్టమే ఉంది. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దపు తొలినాళ్ళలో ఏథెన్సులో సోలోన్ అంత్యక్రియల్లో స్త్రీలు చెంపలు రక్కుకోవడాన్నీ, కట్టిన శోకగీతాలు పాడడాన్నీ, పరాయి చావులకి ఏడవడాన్నీ నిషేధించాడని ప్లూటార్క్ రాశాడు. చావు దగ్గర స్త్రీ గొంతు వంశాల పగలనీ వారసత్వపు తగాదాలనీ కదిలించగలదు కాబట్టే ఆ నిషేధమని మార్గరెట్ అలెక్సియూ 1974లో తన పుస్తకంలో వాదించింది. చట్టం వచ్చినా ఏడుపు ఆగలేదు. దక్షిణ గ్రీసులోని మానీ ప్రాంతంలో స్త్రీలు 20వ శతాబ్దంలోనూ ఎనిమిదక్షరాల పాదాలతో అప్పటికప్పుడు శోకం అల్లేవారు. పక్కనున్న ఆడవాళ్ళు బదులు పలికేవారు. చంపినవాడి పేరు అందులో వచ్చేది.

గలాస్ తీసుకున్న వారసత్వం ఇదీ. నాటక రచయిత అయిన ఆమె సోదరుడు ఫిలిప్ దిమిత్రి 1986లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. రోగుల్ని పాపులుగా చూస్తున్న రోజులవి. 1989 డిసెంబరులో న్యూయార్కులోని సెయింట్ పాట్రిక్ చర్చిలో జరిగిన నిరసనలో ఆమె అరెస్టయింది. మరుసటి ఏడు అదే నగరంలో, సెయింట్ జాన్ ద డివైన్ చర్చిలో 'ప్లేగ్ మాస్' పాడింది. రోగిని అశుద్ధుడని వెలివేసే లేవీయకాండపు మాటల్ని చర్చి లోపలే, ఒంటికి రక్తం పూసుకుని వినిపించింది. ఇది దైవదూషణ అయితే, రోగిని వెలివేయడం ఏమవుతుంది?

2003లో వచ్చిన 'డిఫిక్సియోనెస్' 1914-23 మధ్య ఒట్టోమన్ నేలమీద ఊచకోతకి గురైన ఆర్మీనియన్లు, అస్సిరియన్లు, గ్రీకుల కోసం. ప్రాచీనులు శాపాలు చెక్కి పూడ్చిన సీసపు రేకుల పేరది. 1915లో హతుడైన ఆర్మీనియన్ కవి సియమాంతో కవిత అందులో ఉంది. తన వాళ్ళ కోసం మాత్రమే ఏడవలేదు గలాస్. పరాయి చావులకి ఏడవడం, సోలోన్ వద్దన్న పనే.

నా తగువు మగ విమర్శకులతోనే కాదు, మనతో కూడా. మనం సెమినార్లలో ఆమెని "శరీరం", "అతిక్రమణ" అనే మాటల్లో మడిచి పెట్టేస్తాం. ఎవరు చచ్చారో, ఎవరు చంపారో ఆ పత్రాల్లో ఉండదు. ఇంకొందరం శోకం ఆడవాళ్ళ సహజ గుణమని మురిసిపోతాం. సహజమైతే సాధన ఎందుకు? పాదం ఎందుకు కట్టాలి, వరస ఎందుకు నేర్వాలి? అది పని. మా అమ్మమ్మ కూడా వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పని.

మానీలో ఒకామె పాడితే మిగతా వాళ్ళు బదులు పలికేవారని చెప్పాను. ఆ బదులు లేకపోతే ఆమె చెప్పింది సాక్ష్యంగా నిలవదు. మా అమ్మమ్మ పక్కన ఆ రోజు పదిమంది ఆడవాళ్ళున్నారు. అందరూ తలలు దించుకున్నారు. మా అమ్మ కూడా.