పేపరు డబ్బుల లెక్క

కార్మికుల సినిమా అనగానే ఎర్రజెండాలు, ఊరేగింపులే తలుచుకుంటాం. 1929 డిసెంబరులో బెర్లిన్‌లో విడుదలైన జర్మన్ మూకీ ‘ముట్టర్ క్రౌజెన్స్ ఫార్ట్ ఇన్స్ గ్లుక్’ గురించీ అలాగే రాస్తుంటారు. తీసింది వామపక్ష ప్రొమేథియస్ సంస్థ కాబట్టి వింతేం లేదు. నన్నడిగితే ఆ సినిమా ప్రాణమంతా పేపరు డబ్బుల్లో ఉంది.

కథలో క్రౌజె ముసలమ్మది బెర్లిన్‌లోని వెడింగ్ పేట. ఒక పెరడు వెనక ఇంకో పెరడుగా, ఎండ దిగని కార్మికుల ఇళ్లు. పేదల బొమ్మలు గీసిన హైన్రిష్ త్సిల్లె ఎరిగిన లోకమే ఇది. సినిమా వచ్చే నాటికి ఆయన లేడు. ముసలమ్మ ఇంటింటికీ పేపరు వేస్తుంది. ఉన్న ఇరుకు కొంపలోనే ఒకణ్ణి అద్దెకు పెట్టుకుంది. వాడి వెంట ఒళ్లమ్ముకు బతికే ఓ ఆడమనిషి, ఆమె బిడ్డ.

చందాల కింద వసూలైన సొమ్మును కొడుకు పాల్ తాగేస్తాడు. అది ముసలమ్మ సొమ్ము కాదు, పైవాళ్లకు అప్పజెప్పాల్సింది. కట్టకపోతే దొంగ అనిపించుకోవాలి. (ఈ శీర్షికను మీ గుమ్మంలో పడేసిన మనిషికీ నెలనెలా వసూళ్ల తిప్పలు తెలుసు.) కూతురు ఎర్నా ఒళ్లమ్ముకుని తెద్దామనుకుని, మనసు రాక పారిపోతుంది. పాల్ దొంగతనానికి దిగి పోలీసులకు దొరుకుతాడు. దొంగలూ దుర్మార్గులూ తెచ్చిపెట్టిన కష్టం కాదిది. కాసిని మార్కుల బాకీ ఒక మర్యాదస్తురాలి మెడకు చుట్టుకోవడం.

చివరికి ముసలమ్మ గ్యాస్ విప్పుతుంది, ఆ పరాయి బిడ్డనీ వెంట తీసుకుపోతుంది. కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ బిడ్డను ఒక్క ముక్కలో దాటేస్తారు. నాకది దాటరాని చోటు. అలెగ్జాండ్రా ష్మిట్ ఆ ముసలమ్మగా ఎంత మెత్తగా ఉంటుందంటే, ఆమెను హంతకురాలు అనడానికి నోరు రాదు. అనకుండా ఉండడమూ కుదరదు.

ఎర్నా మాత్రం ప్రియుడు మాక్స్ వెంట ఊరేగింపులో అడుగు కలుపుతుంది. కెమెరా కదం తొక్కే కాళ్ల మీదికి పోతుంది. దృశ్యం గొప్పదే, కెమెరా కూడా దర్శకుడు పీల్ యుట్సిదే. కానీ పేపరు బాకీకి ఆ ఊరేగింపు జవాబు కాదు. జవాబు ఇవ్వలేదని కాదు నా పేచీ, ఇచ్చేసినట్టు ముగించడమే. అంత నమ్మకంగా ఆ కాళ్లను తీసిన యుట్సి, నాజీల రోజులు రాగానే వాళ్ల పార్టీలో చేరాడు. ఆ ప్రభుత్వమే 1933లో ఆయన సినిమాను నిషేధించింది.

— చూపరి