నేర్పకుండా లెక్కలడిగితే ఎట్ల?



నెల రోజులుగా మన గ్రూపులో ఒకటే లొల్లి. మన ఊరి సెంటర్లకు పైసలిచ్చే డోనర్ సంస్థ కొత్త రిపోర్టింగ్ సిస్టం పెట్టింది. ఇకమీదట ప్రతి కేసూ ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, ఎక్కించకపోతే వచ్చే విడత పైసలు ఆగుతాయి అని మెసేజ్ పంపింది. అది ఫార్వర్డ్ అయిన రోజు నుంచి సగం మంది "ఆ పైసలే మనకొద్దు, ఖల్లివల్లి" అంటున్నారు. మిగతా సగం మంది "సెంటర్లో కూర్చున్నోళ్లకు బద్ధకం, అందుకే ఎక్కిస్తలేరు" అంటున్నారు. రెండు మాటలూ తప్పే. రెండో మాట తప్పు మాత్రమే కాదు, అన్యాయం కూడా.

కొత్తగా చేరిన తమ్ముళ్ల కోసం ఒక ముక్క. ఇక్కడ యూఏఈలో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. అందుకే మన గ్రూపు ఇక్కడ ఒక్క దిర్హం ముట్టదు. క్యాంపుల నుంచి మనం చేసేది సమాచారం పంపడం, కాగితాలు పంపడం, ఆస్పత్రికో లేబర్ ఆఫీసుకో తోడు పోవడం. పైసలతో అయ్యే పనంతా ఊర్లోని సెంటర్లది. సెంటర్ అంటే ఏసీ ఆఫీసు అనుకోకండి. ఒక అద్దె గది, ఇద్దరు మనుషులు, ఒక ఫోను, ఒక పొడుగు నోట్‌బుక్. జీతం ఆగినా, మనిషి జైల్లో పడ్డా, ఆచూకీ లేకపోయినా, శవం రావాల్సి ఉన్నా ఇంటోళ్లు ముందు తొక్కేది ఆ గడపే.

*రాత మనకు శత్రువు కాదు*

ముందు "మేం సేవ చేస్తాం, రాతలు మాకెందుకు" అనే అన్నలతో మాట్లాడతా.

అన్నా, యూఏఈలో 2009లో జీతాలు బ్యాంకు ద్వారానే వేయాలని డబ్ల్యూపీఎస్ పెట్టారు. ఖతార్‌లో 2015లో వచ్చింది. అంతకుముందు కవర్లో పెట్టి చేతికిచ్చేవారు. తక్కువిచ్చి పూర్తిగా ఇచ్చినట్టు సంతకం పెట్టించుకున్న కంపెనీలు ఎన్నో. ఈరోజు జీతం ఆగితే మన మాటకు బలం ఎక్కడి నుంచి వస్తోంది? ఏ నెల పడింది, ఏ నెల పడలేదు అని బ్యాంకులో ఉన్న రాత నుంచే కదా.

మదద్ పోర్టల్ 2015లో వచ్చింది. దాని కంటే ముందు ఎంబసీకి ఫోన్ చేశామంటే "ఎవరికి చేశారు, ఎప్పుడు చేశారు" అనేవారు. ఇప్పుడు కేసు నంబర్ చేతిలో ఉంటే ఊర్లో ఉన్న తల్లి కూడా "నా కొడుకు కేసు ఎక్కడిదాకా వచ్చింది" అని అడగగలదు. నంబర్ లేనోడి గోస గాలిలో కలిసిపోతుంది.

ఇంకోటి చూడండి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చే ప్రతి కూలీకి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు రావాలి. పదో తరగతి పాసైన నాలాంటోళ్లకు ఈసీఆర్ ఉండదు, కాబట్టి ఆ బీమా తప్పనిసరి కాదు. చదువుకోనోడికి బీమా ఉంది, కానీ ఉన్న సంగతి ఇంటోళ్లకు తెలవదు. కాగితం ఏజెంటు దగ్గర పడి ఉంటుంది, ఏజెంటు ఫోన్ ఎత్తడు.

నాతో పనిచేసిన ఒక స్టీల్ ఫిక్సర్ సైటు మీద పడి చనిపోయాడు. అతను బయలుదేరే ముందు సెంటర్ తమ్ముడు పాస్‌పోర్టు, వీసా, బీమా కాగితం మూడూ ఫొటో తీసి, నోట్‌బుక్‌లో పాలసీ నంబర్ రాసుకున్నాడు. ఆ ఒక్క లైను వల్ల అతని భార్య ఎవరి కాళ్లూ పట్టుకోకుండా దరఖాస్తు పెట్టుకోగలిగింది. అదే సైటు మీద ఇంకో మనిషికి అలా రాసినవాళ్లు లేరు. అతని ఇంట్లో బీమా అనే మాటే ఎవరూ వినలేదు.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. దానికీ దరఖాస్తు కావాలి, దానికీ మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు కాగితాలు కావాలి. కాబట్టి రాయకుండా సేవ చేస్తామనే మాట వినడానికే బాగుంటుంది. ఆకలైనప్పుడు అది కడుపు నింపదు.

*కానీ నేర్పింది ఎవరు?*

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. రిపోర్టు అడిగినోళ్లు ఏం చేశారు?

ట్రైనింగ్ అన్నారు. నగరం నుంచి ఒకాయన వీడియో కాల్‌లోకి వచ్చి రెండు గంటలు ఇంగ్లీషులో స్లైడ్లు చూపించాడు. ఆయన చూపించింది ల్యాప్‌టాప్ తెర మీద. సెంటర్లో ఉన్నది ఫోను. ఆయన తెర మీద కుడివైపు ఉన్న బటన్ ఫోనులో ఎక్కడుందో వెతుక్కునేసరికి ఆయన పది స్లైడ్లు దాటిపోయాడు. చివర్లో "ఎనీ డౌట్స్?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. అందరికీ అర్థమైందని రాసుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఎంట్రీలు రావట్లేదని సెంటర్లకు వార్నింగులు.

తమ్ముళ్లారా, అర్థమైనోడు ఒక్క ప్రశ్నైనా అడుగుతాడు. ఎవరూ నోరు తెరవలేదంటే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలవలేదని అర్థం. ఇది సైటు మీద ప్రతి ఫోర్‌మన్‌కూ తెలిసిన సంగతి. టూల్‌బాక్స్ టాక్‌లో అందరూ తలూపితే నేను భయపడతా. ఒకణ్ని ముందుకు పిలిచి "బెల్టు కట్టి చూపించు" అంటా. అప్పుడు తెలుస్తుంది ఎవరికి వచ్చో, ఎవరికి రాదో.

సైటు మీద కొత్త పద్ధతులు మనం చూడనివా? చేతిరాత టైమ్ షీట్ పోయి వేలిముద్ర మిషన్ వచ్చింది. సిమెంటు పనిలో వేళ్ల గీతలు అరిగిపోయినోళ్ల ముద్ర అది పట్టలేదు. మిషన్ పట్టకపోతే మనిషి రానట్టే అని ఆబ్సెంట్ వేసిన కంపెనీలో మేస్త్రీలు జీతం కోసం నెలంతా తిరిగారు. ఇంకో కంపెనీ తెలివైన పని చేసింది. ఒక నెల కాగితం, మిషన్ రెండూ నడిపింది. రెండిటికీ తేడా వస్తే కాగితాన్నే నమ్మింది. ప్రతి గ్యాంగులో ఒకణ్ని ఎంచి వాడికి బాగా నేర్పింది. మిగతా వాళ్లకు వాడు వాళ్ల భాషలోనే నేర్పాడు. స్లాబు పోసే రోజు దాని జోలికే పోలేదు. నెల తిరిగేసరికి కాగితం దానంతటదే పోయింది. రెండు చోట్లా ఒకే రకం మిషన్. ఒక చోట మనుషులకు నేర్పారు, ఇంకో చోట మనుషుల మీద రుద్దారు. అంతే తేడా.

ఆ సంస్థలో పెద్ద చదువులు చదివినోళ్లు ఉన్నారు. ఈ మాత్రం తెలవదంటే నేను నమ్మను. నేర్పాలంటే పైసలు ఖర్చవుతాయి, మనిషి ఊరిదాకా రావాలి, పది రోజులు పక్కన కూర్చోవాలి. వార్నింగ్ మెయిల్‌కు ఖర్చు లేదు. అసలు సంగతి అదీ.

*ఫామ్ అడుగుతున్నది చూడండి*

నేను ఆ ఫామ్ మొత్తం చదివించుకున్నా. మనిషి పేరు మూడు చోట్ల రాయాలి. ఎన్ని మీటింగులు పెట్టారు, ఎంత మంది వచ్చారు అని అడుగుతుంది. ఆగిన జీతం చేతికొచ్చిందా అని అడిగే గడి లేదు. శవం ఎన్ని రోజులకు ఇంటికి చేరిందని అడిగే గడి లేదు. కడుపు కాలిన మనిషికి కావాల్సింది ఆ రెండు లెక్కలే. డోనర్‌కు కావాల్సినవి కూడా నిజానికి అవే కావాలి. తన పైసలతో ఏం పని జరిగిందో తెలుసుకోవద్దా?

ఫొటో గడికి చుక్క పెట్టారు. అంటే ఫొటో లేకపోతే ఫామ్ ముందుకు కదలదు. మనిషి పోయిన ఇంటికి సెంటర్ చెల్లె పోతుంది. ఆమె భర్త కూడా మనలాగే గల్ఫ్‌లోనే ఉన్నాడు. ఆ ఇంట్లో ఏడుస్తున్న ఆడమనిషిని చూస్తే ఆమెకు తన సంగతే గుర్తుకొస్తుంది. దినం కూడా కాని ఇంట్లో ఆమె ఫోను పైకెత్తి "వదినా, ఇటు చూడు" అనాలా? అనలేక ఫామ్ వదిలేసి వచ్చింది. ఆ వదిలేసిన ఫామ్‌నే మనోళ్లు బద్ధకం అంటున్నారు. ఆ మాట అన్నవాళ్లు ఒక్కసారి ఆ ఇంటి గడపలో నిలబడి చూడాలి.

ఇవి మనం సొంతంగా పుట్టిస్తున్న కోరికలు కావు. 2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన సదస్సులో పెద్ద పెద్ద దాత దేశాలు, సహాయ సంస్థలు కూర్చుని గ్రాండ్ బార్గెన్ అని ఒక ఒప్పందం చేసుకున్నాయి. రిపోర్టుల భారం తగ్గిస్తాం, అందరం ఒకే రకం నమూనా వాడతాం అన్నది అందులో ఒక మాట. ఆ తర్వాత ఎనిమిది ముఖ్య ప్రశ్నలు, అవసరమైతే ఇంకో మూడు అనే లెక్కతో ఒక నమూనా కూడా తయారుచేసి ఇరాక్, మయన్మార్, సోమాలియాల్లో వాడి చూశారు. యుద్ధం నడిచే చోట అంత తక్కువ ప్రశ్నలతో పని నడుస్తుందనుకున్నప్పుడు, జగిత్యాలలో ఒక గది సెంటర్‌కు ఇంత పొడుగు ఫామ్ ఎందుకు?

*పేర్లు పైకి పోవద్దు*

ఇది అన్నిటికంటే పెద్ద సంగతి. జీతం ఆగిందని ఫిర్యాదు చేసిన మనిషి పేరు, పాస్‌పోర్టు నంబర్, కంపెనీ పేరు, క్యాంపు, రూము నంబర్ అన్నీ ఆ ఫామ్‌లో ఎక్కించాలట. ఎక్కించాక వాటిని ఎవరు చూస్తారు, ఏ దేశంలో దాస్తారు, ఎన్నేళ్లు ఉంచుతారు అని అడిగితే జవాబు లేదు.

పైన కూర్చున్నోళ్లకు అది డేటా. మనకది బతుకు. ఫిర్యాదు చేసింది ఫలానా వాడని మందూబ్ చెవిన పడితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికి తెలవదు? అబ్‌స్కాండింగ్ అని కేసు పెడతారు. సౌదీలో హురూబ్ వేస్తారు. జీతం అడిగినోడే దొంగవుతాడు. పాత నోట్‌బుక్‌లో ఎన్ని లోపాలున్నా అది సెంటర్ బీరువాలో తాళం వేసి ఉండేది. ఆ తాళం తీసేస్తున్నామంటే, ఎవరి పేరు అందులో ఉందో వాణ్ని ముందు అడగాలి. "నీ పేరు పంపాలా వద్దా" అని అతని భాషలో అడగాలి, వద్దంటే వదిలేయాలి. వద్దన్నందుకు అతని కేసు ఆపకూడదు.

*మనం అడగాల్సింది ఇది*

సెంటర్ల తరఫున మన గ్రూపు డోనర్‌కు ఉత్తరం పంపాలి. బతిమాలాల్సిన పని లేదు, సూటిగా అడగాలి.

1. ఫామ్ తెలుగులో ఉండాలి, ఫోనులో నడవాలి. నెట్ లేనప్పుడు రాసుకుని తర్వాత పంపే వీలుండాలి.

2. నేర్పే మనిషి సెంటర్‌కు రావాలి. నిజమైన కేసులు పక్కన కూర్చుని ఎక్కించి చూపించాలి.

3. మూడు నెలలు నోట్‌బుక్, సిస్టం రెండూ నడవాలి. ఆ మూడు నెలలు ఎంట్రీ ఆలస్యమైందని పైసలు ఆపొద్దు.

4. సిస్టంలోకి కేసు నంబర్ మాత్రమే పోవాలి. పేరు, పాస్‌పోర్టు, కంపెనీ వివరాలు సెంటర్లోనే ఉండాలి. ఫొటో ఇష్టమైతేనే.

5. జీతం వచ్చిందా, శవం చేరిందా, బీమా అందిందా అనే గడులు పెట్టాలి.

6. ఎంట్రీకి పట్టే టైం కూడా పనే. దానికీ జీతం లెక్కగట్టాలి. మనం ఓటీ అడిగినట్టే ఇదీ.

ఇక మన వంతు. "పైసలే వద్దు" అనే అన్నలు ఒకటి ఆలోచించాలి. ఆ గది అద్దె ఆగితే రేపు మన ఇంటోళ్లు ఏ గడప తొక్కుతారు? పౌరుషం మనది, గోస వాళ్లదా? "బద్ధకం" అనే తమ్ముళ్లకు నేనొక పని చెబుతా. మీలో ఇంటర్, డిగ్రీ చదివినోళ్లు ప్రతి క్యాంపులో ఉన్నారు. రోజుకు మూడు గంటలు రీల్స్ చూసే ఫోను మీ చేతిలో ఉంది. ఒక్కొక్కరు ఒక్కో సెంటర్‌ను పట్టుకోండి. సెలవు రోజు ఒక గంట వీడియో కాల్‌లో కూర్చుని, ఏ గడిలో ఏం రాయాలో తెలుగులో వాయిస్ మెసేజ్ చేసి పంపండి. ఒకసారి చేసిన మెసేజ్ అన్ని సెంటర్లకూ పనికొస్తుంది. క్యాంపు నుంచి కేసు పంపేటప్పుడు "అన్నా ఒకడికి బాగలేదు, చూడండి" అని వదిలేయకండి. తేదీ, ఊరు, మండలం, ఇంటోళ్ల ఫోన్ నంబర్, బీమా ఉందో లేదో రాసి సెంటర్ నంబర్‌కే నేరుగా పంపండి. గ్రూపులో పెట్టకండి.

లెక్క చెప్పడానికి మనం భయపడం. దినమంతా ఎండలో నిలబడి ఎన్ని మీటర్ల షట్టరింగ్ అయిందో, ఎన్ని టన్నుల స్టీల్ కట్టామో సాయంత్రం లెక్క చెప్పే మనుషులం. కానీ సైటు మీద లెక్క అడిగే ఇంజనీరు ముందు డ్రాయింగ్ ఇస్తాడు, సామాను ఇస్తాడు, మనుషుల్ని ఇస్తాడు. అవేవీ ఇవ్వకుండా సాయంత్రం వచ్చి "స్లాబు ఏది" అంటే ఏ మేస్త్రీ ఊరుకోడు. మన సెంటర్లు కూడా ఊరుకోవద్దు.

ఈ ఆరు మాటలకు ఒప్పుకునేవాళ్లు "ఒప్పుకున్నా" అని కింద రాయండి. ఒప్పుకోనివాళ్లు ఏ మాటకు ఒప్పుకోవట్లేదో నంబర్ వేసి రాయండి. వచ్చే సెలవు రోజు రాత్రి గ్రూపు కాల్‌లో కూర్చుని ఉత్తరం ఖాయం చేద్దాం.

ఇట్లు,
మీలో ఒకడు, సైట్ సూపర్‌వైజర్, దుబాయ్