నెత్తురు ఇయ్యమంటే తలుపులు పెట్టుకున్నం

వానలు పడ్డయి, జ్వరాలు మొదలైనయి. మొన్న మా గల్లీకి ఆశా కార్యకర్త రక్త నమూనాల కోసం వస్తే ఇద్దరు ముగ్గురు మొఖం మీదనే తలుపు పెట్టిన్రు. అది చూస్తే 2022 జనవరి యాదికొచ్చింది.

అప్పుడు రాష్ట్రంలోని 33 జిల్లాల్లో కరోనా యాంటీబాడీల సర్వే జరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, మన రాష్ట్ర ఆరోగ్యశాఖ కలిసి చేసినయి. సిరిసిల్ల దిక్కు సాంచాలు నడిపే మా బావ నాకు ఫోన్ చేసిండు. "మా అమ్మకు ఊపిరాడనప్పుడు ఒక్క మంచం దొరకలే. ఇప్పుడు మా నెత్తురు కావాల్నా వీళ్లకు? నేనైతే ఇయ్య" అన్నడు. నేను ఏం మాట్లాడలే. ఆయన బాధ ఉత్తదేం కాదు. 2021 మే నెలల వడ్లు కాంటా కాకముందే మా అత్తమ్మ పోయింది. అప్పుడు చెప్పలేని మాట ఇప్పుడు రాస్తున్న.

మట్టి పరీక్ష మనకు ఎరుకే కదా. ఎకరంల ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంల గుంతలు తీసి, జానెడు లోతు మట్టి తీసుకుంటం. గట్టు మీద తియ్యొద్దు, చెట్టు కింద తియ్యొద్దు, పెంట కుప్ప పక్కన అసలే తియ్యొద్దు అని పొలాస సార్లు చెప్తరు. పెంట కుప్ప పక్కన తీస్తే చేనంత బలంగా ఉన్నట్టే కనపడ్తది. దవాఖానకు వచ్చినోళ్లకే పరీక్ష చేసి ఊర్లె ఇంత రోగం ఉన్నదనుకునుడు గూడ అసొంటిదే. జ్వరం వచ్చి ఇంట్ల పన్నోడు, ఏ లక్షణం లేకుంట తిరిగినోడు ఆ లెక్కలకు రారు. అందుకే సర్వేల ఊర్లను చిట్టీలు తీసినట్టు ఎంచుకుంటరు. ఆ ఊర్లె ఇండ్లను గూడ గట్లనే ఎంచుకొని, రోగం ఉన్నా లేకున్నా నెత్తురు తీస్తరు. మట్టినైతే కలిపి ఒక్కటే సంచి చేస్తం, నెత్తురును ఎవరిది వాళ్లకే చూస్తరు. తేడా అంతే.

ముక్కుల పుల్ల పెట్టే పరీక్ష ఇయ్యాల వైరస్ ఉన్నదా లేదా చెప్తది. నెత్తురు పరీక్ష పోయిన నెలల సంగతి చెప్తది. వైరస్ సోకినంక రెండు మూడు వారాలకు ఒంట్లె దాని మీద కొట్లాడే యాంటీబాడీలు తయారైతయి. వరద పోయినంక గోడ మీద మిగిలిన నీళ్ల గుర్తు లెక్క అన్నట్టు.

ఇగ అసలు ముచ్చట. దేశంలో 70 జిల్లాల్లో ఐసీఎంఆర్ నాలుగు సార్లు ఈ సర్వే చేసింది. మన రాష్ట్రం నుంచి జనగామ, కామారెడ్డి, నల్గొండ జిల్లాలు. జిల్లాకు 10 చోట్ల, చోటుకు 40 మంది. 2020 మే నెలల మూడు జిల్లాలు కలిపితే వెయ్యి మందిల ముగ్గురు నలుగురికే యాంటీబాడీలు దొరికినయి, అంటే 0.33 శాతం. ఆగస్టుకు సుమారు 12 శాతం. డిసెంబర్‌కు 24. 2021 జూన్‌కు 60.

ఇప్పుడు మనం ఏం చేసినమో పక్కన పెట్టి చూడున్రి. 0.33 ఉన్నప్పుడు మన ఊర్ల పొలిమేరల్ల తుమ్మ కంపలు అడ్డం ఏసినం. దుబాయి నుంచి, మస్కట్ నుంచి వచ్చిన పిల్లగాండ్లను దొంగల లెక్క చూసినం. కోరుట్ల దిక్కు ఒక పిల్లగాడు బావి కాడి రేకుల షెడ్డుల పదిహేను రోజులున్నడు, వాళ్లమ్మ అన్నం గట్టు మీద పెట్టి వచ్చేది. (లాక్‌డౌన్‌తోనే అంత తక్కువ ఉన్నదేమో, దాన్ని కాదన.) అదే 24కు చేరినంక, నలుగురిల ముగ్గురికి ఇంకా సోకలేదని ఆ లెక్కనే చెప్పుతున్నప్పుడు, మాస్కులు తీసేసినం, పెండ్లిళ్లకు వెయ్యి మందిని పిలిచినం. "వచ్చేది వచ్చింది, పోయింది" అన్నం. నేను సుత అన్న. ఏప్రిల్‌ల ఏమైందో మీకు తెలుసు. భయపడాల్సినప్పుడు ధైర్యంగ ఉన్నం, ధైర్యంగ ఉండాల్సినప్పుడు భయపడ్డం. ఆ లెక్క పేపర్ల వచ్చింది, మన కల్లం దాక ఎవ్వరూ మోసుక రాలే.

లెక్కల మీద నాకు గుడ్డి నమ్మకం ఏం లేదు. కిట్టు నూటికి ఇద్దరు మంచోళ్లను తప్పుగ పాజిటివ్ అన్నదనుకోండి, 400 మందిల ఎనిమిది మంది ఉత్తగనే లెక్కల పడ్తరు. రోగం అసలే తక్కువ ఉన్నప్పుడు అసలోళ్ల కంటె వీళ్లే ఎక్కువైతరు. అందుకే మొదటి సర్వేల పాజిటివ్ వచ్చినవాటిని ఇంకో కిట్టుతో మళ్ల చూసిన్రు. 2022 సర్వేల దాదాపు 93 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నయన్నరు. అందరికీ కరోనా వచ్చిపోయిందని కాదు, టీకా ఏసుకున్నోళ్లు గూడ అండ్లనే ఉన్నరు. ఇంకోటి, మొదటి నాలుగు సార్లు జగిత్యాల లేదు, సిరిసిల్ల లేదు. గల్ఫ్ పోయేటోళ్లు ఇంతమంది ఉన్న జిల్లాలను జనగామ లెక్కతోని అంచనా ఏస్తే ఎట్ల? ఆ మాట అప్పుడే గట్టిగ అడగాల్సింది. అడగాలంటె ముందు మనం చెయ్యి చాపాలె కదా.

హైదరాబాద్‌ల 2021 మొదట్ల సీసీఎంబీ వాళ్లు, పోషకాహార సంస్థ వాళ్లు చూస్తే 54 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నయి. అండ్ల నలుగురిల ముగ్గురికి కరోనా వచ్చిపోయిన సంగతే ఎరుక లేదు. పట్నమోళ్లకే తెల్వలేదంటె మనకెట్ల తెలుస్తది?

ఇగ ముందు ఏ రోగానికి సర్వే వచ్చినా నేను రెండు మాటలు అడుగుత. ఎవరి రిజల్ట్ చీటీ వాళ్లింటికి రావాలె, మట్టి పరీక్ష కార్డు వచ్చినట్టు. జిల్లా లెక్క, పేర్లు లేకుంట, గ్రామపంచాయతీ గోడ మీద తెలుగుల అతికియ్యాలె. ఈ రెండూ అడిగే హక్కు నెత్తురు ఇచ్చినోనికి ఉంటది.

మా బావకు ఈ పోస్టు పంపిన. చదివిండు, జవాబు ఇంకా రాలే. గొర్లకు రోగం తగిలిందని పశువుల డాక్టరు వస్తే మాత్రం ఆయనే ముందుగాల ఒక్కొక్కదాన్ని పట్టుకొని నెత్తురు తీపిస్తడు. ఆ సంగతి ఎత్తితే ఏమంటడో చూడాలె. మీ ఊర్లల్ల ఎట్లున్నదో కింద రాయున్రి.