ఆరని రంగు

నూనెరంగులలో ముఖచిత్రం నేర్చుకోదలచినవారికి పెద్దలు తరచుగా ఇచ్చే సలహా ఒకటుంది: ముందు ఎముకా కండా కుదిరేలా గీయడం నేర్చుకో, వంకర గీతలూ వింత రంగులూ తరువాత చూసుకోవచ్చు. ఎక్స్‌ప్రెషనిస్టులను నకలు చేస్తూ మొదలుపెట్టడమంటే ఛందస్సు రాకుండా వచనకవిత్వానికి దిగడమేనని వారి భావం. ఈ సలహాలో సగమే నిజమని నా అభిప్రాయం.

కాలం చేసిన మా నాన్నగారి ముఖాన్ని ఎప్పటికైనా నా చేత్తో వేయాలన్న కోరికతో కుంచె పట్టినవాణ్ణి. అభ్యాసానికి ఎంచుకున్నది అలెక్సీ యావ్లెన్‌స్కీ 1909లో వేసిన నర్తకుడు అలెగ్జాండర్ సఖారోవ్ చిత్రం. మూలం మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్‌లో ఉంది. ఎర్రని దుస్తులు, తెల్లగా పూసిన ముఖం, కాటుక దట్టించిన కళ్ళు. అచ్చుప్రతి చూసి మా అమ్మ "ఎవరీవిడ?" అంది. మగవాడేనని చెబితే, "అయితే మన వేదాంతం సత్యనారాయణశర్మగారి లాగానన్నమాట" అని సమాధానపడింది.

అచ్చుప్రతిమీద గళ్ళు గీసి, అవే గళ్ళు కాన్వాసుమీదా గీసి, నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. ప్రతి గీతనూ సన్నని కుంచెతో అనుకరించాను. చివరికి గీతలన్నీ వచ్చాయి, మనిషి మాత్రం రాలేదు.

కారణం తరువాత బోధపడింది. సఖారోవ్ ప్రదర్శనకు ముందు వేషంతోనే చిత్రకారుని గదికి వస్తే, అప్పటికప్పుడు వేసిన చిత్రమది. ఉంచితే మళ్ళీ దిద్దుతాడేమోనన్న భయంతో, రంగు ఆరకముందే నర్తకుడు దాన్ని పట్టుకుపోయాడని చెబుతారు. ఒక్క పూట వేగాన్ని నేను నాలుగు వారాల ఓపికతో నకలు చేయబోయాను!

నూనెరంగు నీటిరంగులా ఆవిరై ఆరదు. అందులోని అవిసెనూనె గాలిలోని ఆమ్లజనిని గ్రహించి మెల్లగా గట్టిపడుతుంది. అందుకు రోజులు పడుతుంది. ఈలోగా ఎంతైనా దిద్దుకోవచ్చునన్నది వరమూ, శాపమూ కూడా. తడిమీద కుంచె తిరిగినకొద్దీ రంగులు కలిసిపోయి బురదగా మారతాయి.

రెండవసారి గళ్ళు మానేశాను. వెడల్పాటి కుంచెతో ఒకే విడతలో ముగించాను. ఈసారి ఎరుపు ఎరుపుగానే నిలిచింది, కళ్ళకు చూపు వచ్చింది. కానీ దవడ మెడమీద నిలవక జారిపోయింది. పెద్దల సలహాలోని నిజమైన సగం ఇదే. యావ్లెన్‌స్కీ సెంట్ పీటర్స్‌బర్గ్‌లో రేపిన్ వద్ద చదువుకున్నవాడు. ఆ వేగం వెనుక ఏళ్ళ సాధన ఉంది.

అయితే ఆ లోటును నాకు చూపించింది ఈ నకలే. ఫోటోను అనుకరించేటప్పుడు తప్పు మెత్తని నీడలలో దాక్కుంటుంది. దవడకంతటికీ ఒకే గీత ఉన్నచోట దాక్కునే వీలు లేదు. కనుక గీయడం వచ్చాకే ఎక్స్‌ప్రెషనిస్టుల దగ్గరకు వెళ్ళాలనడం సరికాదు. ఏమి రాదో తెలుసుకోవడానికైనా ముందే వెళ్ళాలి.

నకలంటే పైపూతను అనుకరించడం కాదు. వాన్ గోహ్ 1889-90లో సెంట్ రెమీలో మిలే చిత్రాలను నలుపు తెలుపు అచ్చుప్రతులనుంచి తన రంగులలో వేసుకున్నాడు. రూపం మిలేది, రంగుల నిర్ణయం తనది.

గోడమీది నాన్నగారి ఫోటోకు గళ్ళు గీసి పెద్దది చేయడమే అయితే ఫోటో స్టూడియోవారు నాకన్నా బాగా చేస్తారు. దవడ గీత కుదిరిన రోజున నేను ఆయన ముఖం మొదలుపెడతాను. ఆరకముందే దాన్ని నా చేతిలోంచి లాక్కునేవారు ఆ వేళకు పక్కన ఉంటే చాలు.