స్కూబా సరే... ముందు ఈత వచ్చా?



మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల లిస్టు చూసి అందరూ లేచాక, ఒక నాన్నగారు వెనక్కి వచ్చి అడిగారు. “సార్, సెలవుల్లో మా వాణ్ణి రుషికొండ తీసుకెళ్లి స్కూబా చేయిద్దామనుకుంటున్నాం. చేయించొచ్చా?” పక్కనే ఉన్న ఏడో తరగతి పిల్లాడి కళ్లు మెరుస్తున్నాయి. నేను ఒక్కటే అడిగాను: “బాబుకి ఈత వచ్చా అండీ?” ఆయన నవ్వేశారు. “నాకొచ్చు సార్. మా ఊరి నూతిలోనే నేర్చుకున్నాను. వీణ్ణి నీళ్ల దగ్గరికి పోనిస్తే కదా!”

ఆ మాట ఆయన ఒక్కరిదే కాదు. బుచ్చయ్యపేట, వడ్డాది, చోడవరం చుట్టుపక్కల నుంచి మా స్కూల్ బస్సు ఎక్కే పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో ఇదే పరిస్థితి. మన తరం నడుముకి ఎండిన ఆనపకాయ బుర్ర కట్టుకునో, లారీ ట్యూబు పట్టుకునో నూతిలోకి దూకింది. మన పిల్లలకి అబాకస్ వచ్చు, కోడింగ్ వచ్చు. ఈత మాత్రం రాదు.

స్కూబా వద్దని నేననను. పైగా అంత మంచి సైన్స్ ల్యాబ్ ఏ స్కూల్లోనూ లేదంటాను. పది మీటర్ల లోతుకి దిగేసరికి ఒంటి మీద పీడనం ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. పైన ఊదిన బెలూన్ అక్కడ సగానికి కుంచించుకుపోతుంది. అక్కడ ఊపిరి పీల్చుకుని, బిగబట్టి పైకి వస్తే, లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకే డైవర్‌కి నేర్పే మొదటి సూత్రం ‘ఊపిరి ఎప్పుడూ బిగబట్టకు’. పుస్తకంలో పీడనం పాఠం ఎన్నిసార్లు చదివినా అంత బాగా తలకెక్కదు.

పగడం సంగతే చూడండి. మనం ఉంగరంలో పెట్టుకునే పగడాన్ని రాయి అనుకుంటాం. అది చిన్న చిన్న జీవులు కట్టుకున్న గూడు. సముద్రగర్భంలో ఒక్క శాతం కూడా లేని పగడపు దిబ్బలు సముద్ర జీవజాతుల్లో దాదాపు పాతిక శాతానికి ఆసరా ఇస్తున్నాయి. నీళ్లు వేడెక్కితే అవి పాలిపోతాయి, వేడి తగ్గకపోతే చచ్చిపోతాయి. బొర్రా గుహల్లో పైకప్పు నుంచి వేలాడే సున్నపురాతి ఊడల్ని మన పిల్లలు పిక్నిక్‌లో చూసే ఉంటారు. అలాంటివే బెలీజ్ దేశంలోని గ్రేట్ బ్లూ హోల్‌లో సముద్రం అడుగున ఉన్నాయి. ఆ ఊడలు నీళ్లలో ఏర్పడవు. అంటే ఒకప్పుడు సముద్రమట్టం చాలా కింద ఉండేది, ఆ గుహ పొడి నేల మీద ఉండేది. ఇలాంటివి కళ్లారా చూసిన పిల్లకి భూగోళం బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

అయితే నీటి లోపలి గుహల్లోకి మామూలు డైవర్లని కూడా వెళ్లనివ్వరు. తలపైన రాయి ఉంటుంది కాబట్టి, కంగారు పుడితే నేరుగా పైకి రావడానికి దారి ఉండదు. అక్కడ మూడో వంతు లెక్క పాటిస్తారు. సిలిండర్లో గాలి ఒక వంతు లోపలికి వెళ్లడానికి, ఒక వంతు తిరిగి రావడానికి, మిగిలిన వంతు ఆపదకి. తాడు వదలరు, తోడు లేకుండా వెళ్లరు.

2018లో థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహ మీకు గుర్తుండే ఉంటుంది. 12 మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ జూన్ 23న లోపలికి వెళ్లారు, వరద నీరు దారి మూసేసింది. జూలై 2న ఇద్దరు బ్రిటిష్ గుహ డైవర్లు వాళ్లని కనిపెట్టారు. జూలై 8 నుంచి 10 వరకు మూడు రోజుల్లో అందరినీ బయటికి తెచ్చారు. నీళ్లలో కంగారు పడితే ప్రాణానికే ముప్పని పిల్లలకి మత్తుమందు ఇచ్చి మరీ తెచ్చారు. దారిలో గాలి సిలిండర్లు పెట్టి వస్తూ సమన్ కునాన్ అనే థాయ్ నేవీ మాజీ డైవర్ ప్రాణం వదిలారు. అందరూ ఒక రోజు సరదాగా గుహలోకి వెళ్లిన మామూలు పిల్లలే.

మనకి అలాంటి గుహలు లేవు. పెద్దేరు ఉంది, గెడ్డలున్నాయి, చెరువులున్నాయి, పొలాల్లో గట్టు లేని నేల నూతులున్నాయి. సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్లిన పిల్లాడు స్నేహితులతో కలిసి దిగేది అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. 5 నుంచి 14 ఏళ్ల పిల్లల మరణాలకి ఇది మూడో అతిపెద్ద కారణం. నీళ్లకి దూరంగా పెంచితే పిల్లాడు క్షేమమనుకుంటాం. మన కన్నుగప్పి వెళ్లిన ఆ ఒక్క రోజున, నీళ్ల గురించి ఏమీ తెలియకుండా వెళ్లేది ఆ పిల్లాడే.

ఇందులో మా తప్పూ ఉంది. పరీక్షలు దగ్గరపడగానే ముందు కోసేది ఆటల పీరియడే. ఈత గురించి ఏ సర్క్యులర్‌లోనూ మేం మీకు రాయలేదు. మీరూ అడగలేదు. ఐఐటీ ఫౌండేషన్ గురించి అడిగినన్నిసార్లు ఈత గురించి అడిగి ఉంటే మేం ఎప్పుడో కదిలేవాళ్లం.

అందుకే నా సలహా ఇది. ఈ వేసవిలో నలభై రోజులు ఈతకి ఇవ్వండి. ఈత వచ్చిన మావయ్యో, పెదనాన్నో పక్కన ఉండాలి, లేదా నేర్పేవాళ్లున్న కొలను చూసుకోండి. “నువ్వు ఆడపిల్లవి, నీకెందుకు” అని అమ్మాయిని ఒడ్డున కూర్చోబెట్టకండి. పూర్తి స్కూబా కోర్సులో చేరేవాళ్లని ముందు 200 మీటర్లు ఈదమంటారు, పది నిమిషాలు నీళ్లపై తేలమంటారు. మన పిల్లలకి అదే గురి పెట్టుకుందాం.

ఆ తర్వాత రుషికొండ వెళ్లండి. సాధారణంగా పదేళ్లు నిండిన పిల్లల్నే సముద్రంలో దింపుతారు. శిక్షకుడి సర్టిఫికెట్ చూపించమని మొహమాటం లేకుండా అడగండి. ఉబ్బసం, చెవి నొప్పి ఉంటే దాచకండి, జలుబు ఉంటే ఆ రోజు మానేయండి. మన తీరంలో నీళ్లు అండమాన్ ఫోటోల్లోలా ఎప్పుడూ తేటగా ఉండవు, ఆ మాట పిల్లలకి ముందే చెప్పండి. ఇంకొకటి: డైవ్ చేసిన రోజే అరకు ఘాట్ ఎక్కకండి, విమానం ఎక్కకండి. లోతుల్లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. ఎత్తుకి వెళ్తే అది బుడగలై బాధపెడుతుంది. ఒక రోజు ఆగితే మంచిది.

జూన్‌లో స్కూలు తెరిచాక జరిగే మొదటి మీటింగ్‌లో మార్కుల కంటే ముందు నేను ఒకటి అడుగుతాను: “ఎంతమంది పిల్లలకి ఈత వచ్చింది?” చేతులెత్తే వాళ్లలో మీరూ ఉండాలని కోరుకుంటున్నాను.

– మీ పిల్లల సైన్స్ మాస్టారు