మోకాటి నొప్పి - తుంటి జబ్బు

పిల్లలూ!

"తుంటిమీద కొడితే మూతిపళ్ళు రాలాయి" అని పెద్దలంటారు. పొంతన లేని మాటకు వాడే సామెత ఇది. కాని మన శరీరంలో ఇలాంటి వింత నిజంగానే ఒకటి ఉన్నది. తుంటికి జబ్బు చేస్తే మోకాలు నొప్పి పెట్టవచ్చు!

ఎందుకని? తొడ ఎముక పైకొన బంతిలా గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని గిన్నెవంటి గుంటలో తిరుగుతుంది. అదే తుంటికీలు. ఈ కీలుకు వెళ్ళే నరాల శాఖలే మోకాటికీ వెళతాయి. అందుచేత నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడు సరిగా పోల్చుకోలేదు.

4 మొదలు 10 ఏళ్ళలోపు పిల్లల్లో, అందులోనూ మగపిల్లల్లో ఎక్కువగా, ఆ బంతికి నెత్తురు చాలక ఎముక మెత్తబడి నలిగే జబ్బు ఒకటి కద్దు. 1910లో అమెరికాలో లెగ్, ఫ్రాన్సులో కాల్వే, జర్మనీలో పెర్తిస్ అనే వైద్యులు వేరువేరుగా దీనిని వివరించారు. ఎముక మళ్ళీ కట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా బంతి గుండ్రదనం చెడకుండా కాపాడటమే చికిత్స.

10 ఏళ్ళు దాటినవారిలో, ముఖ్యంగా ఒళ్ళు బరువున్నవారిలో, ఎముక పెరిగేచోట బంతి పక్కకు జారవచ్చు. అప్పుడు పాదం బయటికి తిరుగుతుంది. అనుమానం రాగానే పిల్లవాణ్ణి నడవనీయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. నడిచినకొద్దీ ఇంకా జారవచ్చు. డాక్టర్లు స్క్రూ వేసి దానిని నిలబెడతారు.

అలిపిరి మెట్లెక్కితే ఎవరికైనా కాళ్ళు పీకుతాయి. అది రెండు కాళ్ళకూ ఉంటుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. అలాకాక ఒక కాలే కుంటుతూంటే, బాసింపట్టు వేసుకొని కూర్చోలేకపోతే, తాత్సారం పనికిరాదు.

అమ్మానాయనలకు ఒక మాట. డ్రిల్లు ఎగవేయడానికి నాటకమని బిడ్డను గదమకండి. నాటకమాడేవాడు ఆటల్లో కుంటడు. జబ్బున్నవాడు ఆటల్లోనూ కుంటుతాడు. మన పుత్తూరు కట్టుకు గొప్ప పేరున్నది. కాని ఇది విరిగిన ఎముక కాదు. మోకాటికి కట్టు కట్టినా, నూనెతో తోమినా తుంటి బాగుపడదు. మోకాటి ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోతే, తుంటిని కూడా చూడమని అడగండి. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉన్నది. ఎముకల వైద్యానికి దేవస్థానంవారు 1985లో నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రీ ఉన్నది.

జ్వరం వచ్చి, కాలు మోపలేకపోతే కీలులో చీము పట్టి ఉండవచ్చు. అప్పుడు తెల్లవారేదాకా ఆగరాదు.

పిల్లలూ, తోటివాడు కుంటుతూంటే వెక్కిరించకండి. వెంటనే అయ్యవారికి చెప్పండి. ఆ ఒక్కమాట వాడి కాలును కాపాడవచ్చు!