పరాయి ఫౌజు ఖర్చు ఎవరి నెత్తిన?

2025 జూన్‌లో ఇజ్రాయిల్, ఇరాన్‌ల మధ్య పన్నెండు రోజుల యుద్ధం సాగుతుండగా, దౌల్తాబాద్, తాండూరు వైపు జుమా నమాజు అయ్యాక చాలామంది మమ్మల్ని అడిగిందొక్కటే: "మౌల్వీ సాబ్, హిజ్బుల్లా ఎందుకు కదలలేదు?"

కదిలే స్థితి ఎక్కడిది? 2024 సెప్టెంబర్ 27న హసన్ నస్రుల్లా హతులయ్యారు. డిసెంబర్ 8న సిరియాలో అసద్ ప్రభుత్వం కూలడంతో ఆయుధాలు చేరే భూమార్గమూ తెగింది. 1980-88 మధ్య ఇరాక్‌తో యుద్ధంలో నలిగిన ఇరాన్, ఇకపై పోరు తన సరిహద్దు బయటే జరగాలని కోరుకుంది. 1982లో లెబనాన్‌పై ఇజ్రాయిల్ దురాక్రమణ వేళ పుట్టిన హిజ్బుల్లాకు అందుకే అండ అయింది. తీరా యుద్ధం తన గడపకే వచ్చినప్పుడు ఆ డాలు అక్కరకు రాలేదు.

దీన్ని షియా, సున్నీ తగాదాగా చూసేవారితో మేము ఏకీభవించం. యెమెన్‌లో ఎమిరేట్స్ కూడా తన అండ ఉన్న దళాలను నిలిపింది. అసలు ప్రశ్న వేరు. ఆ ఫౌజు నిలిచిన నేల మీది ప్రజల మాటేమిటి?

ఇది దక్కన్‌కు కొత్త కాదు. 1798లో నిజాం అలీఖాన్ కుంపిణీతో ఒప్పందం చేసుకుని, ఫ్రెంచి అధికారుల కింది తన పటాలాలను రద్దు చేసి, కుంపిణీ సిపాయిలను రాజ్యంలో ఉంచుకున్నారు. ఖర్చు నిజాందే. మరుసటి ఏడే నిజాం ఫౌజు కుంపిణీ వెంట శ్రీరంగపట్నం నడిచింది. 1799 మే 4న టిప్పు సుల్తాన్ షహీదయ్యారు. టిప్పు రాజ్యం నుంచి వాటాగా దక్కిన జిల్లాలు నిజాంకు మిగిలాయా? 1800లో ఆ సిపాయిల ఖర్చు కిందే కుంపిణీకి పోయాయి. బళ్లారి, కడప వైపు దత్తమండలాలు అవే. మనం రైలు దిగే సికింద్రాబాద్ కూడా ఆ ఫౌజుకు వెలసిన ఛావణీయే. తరువాత బొల్లారంలో కంటింజెంట్ అనే మరో సైన్యం వచ్చింది. అధికారులు ఆంగ్లేయులు, జీతాలు నిజాం ఖజానావి. బాకీలు పేరుకుపోగా 1853లో డల్హౌసీ బేరార్‌ను రాయించుకున్నాడు. ఇందులో రైతును అడిగినవారెవరు?

2023 అక్టోబర్ 8న హిజ్బుల్లా సరిహద్దులో పోరు మొదలుపెట్టినప్పుడు లెబనాన్ మంత్రివర్గాన్నీ ఎవరూ అడగలేదు. గాజా మజ్లూముల కోసమే అన్నారు. ఆ బాధ మాదీ. కానీ 2024లో ఇజ్రాయిల్ బాంబులకు పది లక్షలకు పైగా లెబనాన్ ప్రజలు ఇళ్లు విడిచారు. పునర్నిర్మాణానికి 1100 కోట్ల డాలర్లు కావాలని 2025లో ప్రపంచబ్యాంకు లెక్క కట్టింది.